నాడి చూసి కాల్చిన బ్రెడ్డు

ఫిబ్రవరి 4

మరదలు పిల్లకి,

నీ వదిన రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం అని మొదలుపెట్టడం అలవాటు కాబట్టి చెయ్యి ఆ మాట రాయబోయింది. ఆపాను. అందరం బాగాలేం. ఈ మాత్రానికి ఉత్తరమెందుకు, ఫోను చేయొచ్చుగా అంటావు. ఫోను బేకరీలో ముందు బల్ల మీద ఉంటుంది, మీ అన్నయ్య చెవులు దానికి రెండు మూరల దూరంలో ఉంటాయి. నేను చెప్పేది ఆయన సంగతే కాబట్టి కాగితమే గతి.

నెల రోజులుగా బ్రెడ్డు అడుగు మాడుతోంది. ముందు నేరమంతా భట్టీ మీద మోపాడు. తాపీమేస్త్రీని పిలిపించి లోపలి ఇటుకలు సగం పీకించాడు. మేస్త్రీ భట్టీలో నడుం దాకా దూరి, మసి మొహంతో బయటికొచ్చి, "దీనికేం కాలేదు సార్, అయితే గియితే నాకే అయ్యింది" అని దులుపుకుని పోయాడు. ఇటుకలు మళ్ళీ పెట్టించాం. మర్నాడు కూడా మాడింది.

మీ ఇంటి పద్ధతి నీకు నేను చెప్పక్కర్లేదు. గడియారం చూసి బ్రెడ్డు దించడమంటే మీ వాళ్ళకి అప్రతిష్ట. ట్రేలు వెనకవి ముందుకి తిప్పాక మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టుకుని, నాడి సరిగ్గా నాలుగు వందలు కొట్టుకునేదాకా లెక్కపెట్టి తలుపు తీయాలి. మీ నాన్నగారు నేర్పిన విద్య. పెళ్ళై వచ్చిన కొత్తలో మీ అన్నయ్య రోజుకి ఆరుసార్లు నాడి చూసుకోవడం చూసి, నాకు రోగిష్టి మొగుణ్ణి కట్టబెట్టారని మూడు రోజులు ఏడ్చాను. ఇరవయ్యారేళ్ళలో ఆ లెక్క ఒక్కనాడు తప్పలేదు.

మొన్న పిండి జల్లెడ పడుతూ విన్నాను. "రెండొందల పది, రెండొందల పదకొండు" అని ఆగిపోయాడు. పనికి ఆలస్యంగా వచ్చిన మనిషిని చూసినట్టు మణికట్టుకేసి కోపంగా చూశాడు. అప్పుడు "పన్నెండు" అన్నాడు. కళ్ళలో వత్తులు వేసుకుని నిన్నంతా గమనించాను. ఒక్కో విడతకి పాతిక ముప్ఫైసార్లు అలా ఆగుతున్నాడు. నాడి మధ్యమధ్యలో దెబ్బ ఎగ్గొడుతుంటే లెక్క సాగిపోతోంది, లెక్క సాగినంతసేపూ అడుగు మాడుతోంది. తప్పు భట్టీది కాదు పిల్లా, లెక్కపెట్టే మనిషి గుండెది.

పైగా పడుకుంటే పిక్కలు పట్టేస్తున్నాయంటాడు. ఎసిడిటీ మాత్ర ఏడేళ్ళుగా రోజూ పొద్దున్నే మింగుతూనే ఉన్నాడు. డాక్టరు మాట ఎత్తితే ఎదురింటి దర్జీని అడ్డం తెస్తాడు. "గుండె మాత్రలిచ్చి వాడి నాడి నిమిషానికి యాభైకి దించారు. యాభైతో బ్రెడ్డేం కాలుస్తాం, బొగ్గులు కాల్చుకోవాలి" అంటాడు. అదన్నమాట ఆయన భయం. ప్రాణం కంటే లెక్క ముఖ్యం.

నువ్వు ఆస్పత్రి వంటశాలలో ఎవరికేం తినిపించాలో తూచి పెట్టేదానివి. ఏదో ఒకటి చెప్పు.

చేతికి పిండీ మనసుకి దిగులూ అంటిన
నీ వదిన


ఫిబ్రవరి 9

వదినా,

నీ ఉత్తరం వంటశాలలో, బీట్‌రూట్ తూచే కాటా పక్కన నిలబడి చదివాను. చదవడం అయ్యేసరికి ఏ వార్డుకి ఏ గిన్నె వెళ్ళాలో మర్చిపోయాను. ఉప్పు లేని పథ్యం ఉప్పు తినేవాళ్ళకి వెళ్ళింది. వాళ్ళు మీద పడ్డారు. ఉప్పు తినకూడనివాళ్ళేమో తమ భాగ్యానికి మురిసిపోయి రెండో ముద్దలో ఉండగానే గిన్నెలు లాక్కొచ్చాను. ఈ పాపం మీ దంపతులదే.

ముందు నిజం చెప్పేస్తాను, తర్వాత వేళాకోళం. నాన్న పోయిన రోజు నీకు తెలియదు, నువ్వింకా మా ఇంటికి రాలేదు. లెక్కపెడుతూనే పోయాడు. మేం చూసేసరికి భట్టీలో బ్రెడ్డు నల్లటి ఇటుకలైపోయి ఉంది. అడుగు మాడిందని నువ్వు రాసిన మాట చదవగానే నాకు ఆ ఇటుకలే కనపడ్డాయి. అన్నయ్యకి మాత్రం ఆ రోజు గుర్తు లేదంటావా? గుర్తుండే డాక్టరు దగ్గరికి పోవట్లేదు.

కాబట్టి ఈసీజీ తీయించాలి, రక్తపరీక్ష చేయించాలి. దీనికి తిరుగు లేదు. నా అధికారం గరిటె వరకే, స్టెతస్కోపు దాకా పోదు. గరిటె వరకు మాత్రం వినుకో. గుండె తాళం తప్పకుండా కొట్టుకోవాలంటే ఒంట్లో కొన్ని లవణాలు సమపాళ్ళలో ఉండాలి. అందులో మెగ్నీషియం ఒకటి. అది తగ్గితే పిక్కలు పట్టేయొచ్చు, గుండె దెబ్బలు తప్పొచ్చు. ఎసిడిటీ మాత్రల్లో కొన్ని రకాలు ఏళ్ళ తరబడి వాడితే ఒంట్లో మెగ్నీషియం తగ్గుతుందని మా పెద్ద డైటీషియన్ వందసార్లు చెప్పింది. తొంభై తొమ్మిదిసార్లు నేను వినలేదు.

ఇక మూడు పూటలా ఆయన తినేదేమిటి? తన బ్రెడ్డు. దేంతో చేసింది? మైదాతో. గోధుమని తెల్లగా చేయడానికి పొట్టూ మొలకా తీసి పారేస్తారు, మెగ్నీషియం చాలా మటుకు వాటితోనే పోతుంది. మన వంశం మూడు తరాలుగా ఊరందరికీ మిగిలిన తెలుపు అమ్ముతోంది వదినా. బోర్డు మీద "మంచు లాంటి బ్రెడ్డు" అని రాయించుకున్నాం కూడా.

గుమ్మడి గింజలు, బాదం, పాలకూర, చిక్కుడు గింజలు, పొట్టు తీయని గోధుమ. ఇవి పెట్టు. పొట్టు పిండి గుర్రాలకి పెట్టేదని మీ ఆయన సిద్ధాంతం కాబట్టి చెప్పకుండా పెట్టు. ఇంటికని మూల ట్రేలో కాల్చే చిన్న బ్రెడ్డులో రోజుకో గుప్పెడు మైదా తీసి గుప్పెడు ముడి గోధుమపిండి కలిపావంటే, నెల తిరిగేసరికి గుర్రం మన దారికి వస్తుంది.

నీ కుట్రలో సగం వాటాదారు,
మరదలు


ఫిబ్రవరి 17

పథ్యాల మహారాణీ,

నీ సలహా పాటించాను. కొంప మునిగింది.

మొదటి రెండు రోజులు మీ అన్నయ్య పసిగట్టలేదు. మూడో రోజు నుంచి గుప్పెడు మోతాదులో నా చేతికి కాస్త ఉదారం వచ్చింది. ఇంటి బ్రెడ్డు గోధుమరంగు తేలింది. కోసి చూసి మొహం మాడ్చుకున్నాడు. "ఇది కూడా ఎక్కువ కాలింది" అన్నాడు. ఆయనకి రంగంటే కాలడమే కదా, ఇంకో కారణం ఉంటుందని కలలో కూడా తోచదు. అడుగు చూస్తే మాడు, లోపల చూస్తే రంగు. ఇక నాలుగొందల లెక్క పనికిరాదని తీర్మానించి మూడొందల ముప్ఫైకి దించాడు.

ఇంటి బ్రెడ్డుకే దించితే బాగుండేది. మొత్తం భట్టీకి దించాడు. ఆ రోజేం ఖర్మో, నాడి బుద్ధిగా కొట్టుకుంది, ఒక్క దెబ్బ ఎగ్గొట్టలేదు. దాంతో బ్రెడ్డంతా లోపల పచ్చిగా దిగింది. దర్జీ ఒక ముక్క గుండ్రంగా చేసి గోడకి కొడితే అంటుకుపోయింది, ఇంకా అక్కడే ఉంది. దారిన పోయే ప్రతివాళ్ళకీ చూపిస్తున్నాడు. మీ అన్నయ్య పొద్దున కిటికీ తెరవడం మానేశాడు.

ఇంతలో ఇంకో వింత. ఇంటి బ్రెడ్డు ట్రే పొరపాటున అమ్మే అలమరలోకి వెళ్ళింది. బడి పంతులమ్మ కొనుక్కుపోయి మర్నాడు వచ్చి, "నిన్న ఇచ్చిందే ఇవ్వండి, దానికో రుచి ఉంది" అంది. ఆయన నా వైపు చూశాడు, నేను పైకప్పు వైపు చూశాను. "నిన్నటి బ్రెడ్డు తప్పుగా కాలిందమ్మా" అని సంజాయిషీ చెప్పాడు. "అయితే రోజూ తప్పుగానే కాల్చండి" అని ఆవిడ వెళ్ళిపోయింది.

గింజలూ బాదం పొడి కొట్టి పాలల్లో కలిపితే, పాలు విరిగాయని పారబోశాడు. ఇదంతా నా వల్ల కాదు. మందుల షాపులో మెగ్నీషియం మాత్రలు డబ్బాలో అమ్ముతున్నారు. రెండు నలిపి టీలో వేస్తే సరిపోదూ? నువ్వు ఊ అంటే రేపే మొదలెడతాను.

తేలు కుట్టిన దొంగలా ఉన్న
నీ వదిన


ఫిబ్రవరి 22

వదినా,

ఊ అనను. ఈ ఉత్తరం చేరేలోగా టీలో ఏమైనా వేసుంటే ఆ కప్పు సింకులో పారబొయ్యి.

తిండిలో ఉన్న మెగ్నీషియం వేరు, డబ్బాలో ఉన్నది వేరు. తిండిలో ఎక్కువైతే కిడ్నీలు బయటికి పంపేస్తాయి. ఆ కిడ్నీలు సరిగ్గా ఉన్నాయో లేవో పరీక్షించకుండా మాత్రలు మింగిస్తే గుండెకి మేలు చేయబోయి కీడు చేస్తాం. అంత దూరం పోకపోయినా విరేచనాలు పట్టుకుంటాయి. నాలుగొందలు లెక్కపెట్టే మనిషి రెండొందల దగ్గర పరుగెత్తితే ఆ పూట బ్రెడ్డు సంగతి ఆలోచించుకో. ఎసిడిటీ మాత్ర కూడా నీ అంతట నువ్వు మాన్పించకు, డాక్టరు చెప్పాలి.

నా తప్పూ ఒకటుంది. మెగ్నీషియం గురించి నేను చదివినదంతా నీ మీద గుమ్మరించాను. దెబ్బ తప్పిన ప్రతి గుండెకీ అదే కారణం కాదు. పొట్టుతో ఉన్న ధాన్యం తినేవాళ్ళలో గుండెజబ్బులు తక్కువని చాలా పరిశీలనల్లో తేలింది, నిజమే. అంతమాత్రాన బ్రెడ్డు ముక్క ఈసీజీ తీయదు కదా.

మా దగ్గర ఒక ముసలాయన ఉన్నాడు. దిండు కింద ఉప్పు పొట్లం దాచుకుని, పట్టుబడితే దిష్టి తీసుకోవడానికంటాడు. మగవాళ్ళు తిండి విషయంలో చెప్పే అబద్ధాలకి ఒక అందం ఉంటుంది. వాళ్ళని దారికి తేవాలంటే మనం అంతకంటే అందంగా చెప్పాలి. నా ఆలోచన ఏమిటంటే,

(రెండో కాగితం చూడు)

మరదలు


మార్చి 3

మరదలు పిల్లా,

ఏ రెండో కాగితం? నాకు వచ్చింది ఒకటే. "నా ఆలోచన ఏమిటంటే" అని పెట్టి మాయమయ్యావు. ఆస్పత్రిలో కాగితాలకి కరువొచ్చిందా? సరే, అదలా ఉంచు. ఇప్పుడు ఆలోచనలు దాటిపోయాం.

ఆయన పోతాడు పిల్లా. ఆయనకే తెలిసిపోయినట్టుంది.

వారం నుంచి మీ అన్నయ్య మంచివాడైపోయాడు. పొద్దున నేను లేచేసరికి పాలు కాచి ఉంటున్నాయి. పిండి బస్తా నేను ముట్టుకోబోతే పరుగెత్తుకొచ్చి తానే ఎత్తుతున్నాడు. మెట్లు ఎక్కుతుంటే వెనకే వచ్చి నిలబడుతున్నాడు. నిన్న కూర్చోబెట్టి, "నేనెప్పుడైనా నిన్ను నొప్పించానా?" అని అడిగాడు. ఇరవయ్యారేళ్ళ జాబితా నా నోటి దాకా వచ్చింది, ఆయన కళ్ళలో నీళ్ళు చూసి మింగేశాను. పెళ్ళిళ్ళకి కట్టే మంచి చీర తీసి కట్టుకోమన్నాడు, భట్టీ దగ్గరికి.

అన్నిటికంటే భయమేసింది ఇంకొకటి. దాచిన గుమ్మడి గింజల డబ్బా ఆయనకి దొరికింది. ఏమంటాడోనని కుక్కిన పేనులా కూచున్నాను. గుప్పెడు తీసి నా చేతిలో పోసి, "తిను" అన్నాడు. తిన్నాను. "ఇంకా తిను" అన్నాడు. మూడు పూటలా ఇదే. ఊరికే నా మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకుంటున్నాడు. ఏమిటని అడిగితే "ఏం లేదులే" అంటాడు.

వెళ్ళిపోయే మనిషి అప్పగింతలు పెట్టుకున్నట్టు ఉంది. నేను భరించలేను. ఈయన లేకపోతే నాకు ఆ భట్టీ ఎందుకు, ఆ కొట్టెందుకు. ఇన్నాళ్ళూ ఆయన్ని విసుక్కోవడమే పని అనుకున్నాను. అది లేకుండా పొద్దు ఎలా గడుస్తుందో నాకు తెలియదు. వెంటనే బయల్దేరి రా.

వదిన


మార్చి 8

అమ్మా వదినా,

ఏడుపు ఆపు. కళ్ళు తుడుచుకో. కూర్చుని చదువు, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకుని చదువు, ఎందుకంటే నువ్వు నవ్వుతావు.

నీ ఉత్తరంతో పాటే అన్నయ్య ఉత్తరం కూడా వచ్చింది. నాకు తెలిసి ఆయన నాకు రాసిన మొదటి ఉత్తరం ఇదే. ఉన్నదున్నట్టు దించుతున్నాను.

"చెల్లీ, మీ వదిన గుండె సంగతి నాకు తెలిసిపోయింది. నువ్వు రాసిన కాగితం మైదా డబ్బాలో దొరికింది. నా దగ్గర దాచమని నువ్వు చెప్పడం తప్పు కాదు, నేను పిరికివాణ్ణే. గింజలు దగ్గరుండి తినిపిస్తున్నాను. బస్తాలు ఎత్తనివ్వట్లేదు. ఆవిడ ఇంకా ఎన్ని రోజులు ఉంటుందో చెప్పు. నాకూ ఏదో ఉందిలే, అది తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆవిడ. అన్నయ్య."

తెలిసిందా నీ రెండో కాగితం ఎక్కడికి పోయిందో? పిండి కలుపుతూ చదివుంటావు, జారి డబ్బాలో పడుంటుంది. దాని మీద నేనేం రాశానో గుర్తు తెచ్చుకుని రాస్తున్నాను. "గుండె సంగతి బయటపడ్డట్టు అన్నయ్యకి తెలియనివ్వకు, తెలిస్తే భట్టీ ఆర్పేసి కూచుంటాడు. గుమ్మడి గింజలు రోజూ గుప్పెడు తప్పకూడదు. బస్తాలు ఎత్తడం కొన్నాళ్ళు ఆపాలి. ఏదో వంకతో పెద్ద డాక్టరు దగ్గరికి చేరాలి." ఎవరి గుండె అన్నది మొదటి కాగితం మీద ఉండిపోయింది. మొదటి కాగితం నీ దగ్గర, రెండోది ఆయన దగ్గర.

నీ మొగుడు పోవట్లేదు తల్లీ. నువ్వు పోతావనుకుని పాలు కాస్తున్నాడు.

ఇప్పుడు జాగ్రత్తగా విను. ఆయన భ్రమ పోగొట్టావంటే నేను నీతో మాట్లాడను. రెండు వారాలుగా మనం వెతుకుతున్న వంక నడిచి ఇంట్లోకి వచ్చింది. నీరసంగా ఉన్నట్టు మొహం పెట్టు. మెట్ల మీద ఒకసారి ఆగు, ఎక్కువ కాదు, నాటకం నీకు చేతకాదు. డాక్టరు దగ్గరికి పోదామని ఆయనే అంటాడు. "మీరూ పరీక్షలు చేయించుకుంటేనే నేను చేయించుకుంటాను" అను. భార్యాభర్తలు కలిసి చేయించుకుంటే మంచిదని నేను చెప్పానను. ఇద్దరూ కలిసి వెళ్ళండి, ఇద్దరూ తీయించుకోండి. దీన్ని మోసమని నాకు ఉత్తరం రాయకు, మోసమేనని నాకూ తెలుసు.

ఎన్ని రోజులు ఉంటుందో చెప్పమన్నాడు కదా. ఆయన మంచితనం సాగినన్నాళ్ళు ఉంటుందని జవాబు రాశాను.

నీ నాటకాల మేస్త్రీ


మార్చి 20

మరదలా,

నీ నోరు పడిపోను, "మంచితనం సాగినన్నాళ్ళు" అని రాసిన దానికి ఆయన నాకు చెప్పులు కూడా తొడిగాడు. బతికినన్నాళ్ళు ఈ ఋణం తీర్చుకోలేను.

వెళ్ళాం. డాక్టరు చిన్నపిల్ల, గట్టిగా తుమ్మితే ఎగిరిపోయేలా ఉంది, మాట మాత్రం బెత్తం. నన్ను పడుకోబెట్టి తీగలు తగిలించింది. మీ అన్నయ్య పక్కన నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. కాగితం చూసి, "మీ గుండెకేం కాలేదు, బాగుంది" అంది. ఆయన నమ్మలేదు. మళ్ళీ తీయమన్నాడు. తర్వాత ఆయన్ని పడుకోబెట్టింది. కాగితం బయటికి వస్తుంటే ఆవిడ కనుబొమ్మలు పైకి లేచాయి. "ఈ తప్పిన దెబ్బలు ఎన్నాళ్ళుగా ఉన్నాయి?" అంది. ఆయన పైకప్పు వైపు చూశాడు. ఆ విద్య నా దగ్గరే నేర్చుకున్నాడు.

అప్పుడు చెప్పేశాను. అన్నీ చెప్పేశాను, మాడిన అడుగు, దర్జీ గోడ, ఎసిడిటీ మాత్రలు, గుప్పెడు గోధుమపిండి, రెండో కాగితం. ఆయన మొహం ముందు తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది. "అయితే నీకేం లేదా?" అన్నాడు. లేదన్నాను. కోపం వస్తుందనుకున్నాను. "లేదా" అని ఇంకోసారి అని, బల్ల మీద అలాగే వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. డాక్టరు భయపడి నాడి పట్టుకుంది. నాకు తెలుసు, అది హాయి.

ఒక రోజంతా గుండెని రాసుకునే చిన్న పెట్టె ఛాతీకి కట్టి పంపింది. దెబ్బ తప్పినట్టు తోస్తే మీట నొక్కాలట. దాన్ని కట్టుకునే ఆయన ఆరు విడతలు బ్రెడ్డు కాల్చాడు. మర్నాడు లెక్క చూస్తే, ఆ పనివేళల్లో పెట్టె నూట అరవై రెండు అంది, మీ అన్నయ్య మీట నూట అరవై అంది. "ఆ రెండూ బడి పంతులమ్మ వచ్చి మాట్లాడించినప్పుడు" అన్నాడు. ఆ పిల్ల తన చదువులో అలాంటి రోగిని చూడలేదట.

రక్తంలో మెగ్నీషియం తక్కువే ఉంది. పరీక్షలో కనిపించేది కొసరేనట, అసలు నిల్వ ఎముకల్లోనూ కండల్లోనూ ఉంటుందట, రక్తంలోనే తగ్గిందంటే పట్టించుకోవాల్సిందే అంది. ఎసిడిటీ మాత్ర మార్చింది. గుండె గోడలు, కవాటాలు అన్నీ స్కానులో చూసి, ప్రమాదమైన రకం కాదని తేల్చింది. కిడ్నీలు బాగున్నాయి. తిండితోనే నింపుకుందాం, ఆరు వారాలకి మళ్ళీ చూద్దాం అంది. నాడిని నెమ్మదింపజేసే మాత్ర ఊసే లేదు. ఒక్క షరతు మాత్రం పెట్టింది. అప్పటిదాకా సొంత మణికట్టు మీద వేలు పెట్టకూడదట. అలా రోజంతా కాపలా కాస్తే గుండె ఇంకా బెదురుతుందట.

అక్కడ విలవిల్లాడాడు. "మరి బ్రెడ్డు?" అన్నాడు. "గడియారం కొనుక్కోండి" అంది ఆ పిల్ల.

నాటకం రాని నటి,
నీ వదిన


మార్చి 26

వదినా,

నీ ఉత్తరం మా పెద్ద డైటీషియన్‌కి చదివి వినిపించాను. రెండో కాగితం దగ్గర ఆవిడ నవ్వి నవ్వి కుర్చీలోంచి కిందికి జారింది. నేనూ నవ్వాను. తర్వాత స్టోరు గదిలోకి వెళ్ళి, చిక్కుడు గింజల బస్తా మీద కూర్చుని ఏడ్చాను. నాన్నకి ఎవరూ ఈసీజీ తీయించలేదు. మాకు తెలియలేదు, ఆయన చెప్పలేదు. ఈసారి తెలిసింది. అంతే వదినా, అంతకంటే రాయడం నాకు రాదు.

ఈ పార్శిల్లో మా వంటశాల టైమరు పంపుతున్నాను. మీట తిప్పితే ఆరు నిమిషాలకి గంట కొడుతుంది. గుడ్డు ఉడకబెట్టడానికి వాడేదని అన్నయ్యకి చెప్పకు, అవమానపడతాడు. గుమ్మడి గింజలు కూడా ఉన్నాయి, ఈసారి తినాల్సినవాళ్ళు తినండి.

అన్నయ్యతో చెప్పు, ఆయన నాకు రాసిన ఆ ఒక్క ఉత్తరం నా పెట్టెలో దాచుకున్నానని. ఆయన గుండె మీదికి వచ్చినా "ముందు ఆవిడ" అని రాసిన చోట నాకు కాస్త అసూయ కూడా పుట్టింది.

మరదలు


మే 2

మరదలు పిల్లకి,

మొన్న మళ్ళీ పరీక్ష చేయించాం. మెగ్నీషియం పైకి వచ్చింది. పిక్కలు పట్టేయడం పోయింది. తిండి వల్లా, మార్చిన మాత్ర వల్లా అని నేను అడిగితే, రెండూ కావచ్చు, ఏది ఎంతో చెప్పలేనంది డాక్టరు పిల్ల. ఆ పిల్ల నాకు నచ్చింది, తెలియనిది తెలియదంటుంది.

ముడి గోధుమపిండి సంగతి చెప్పాలి. నేను రహస్యంగా కలిపిన దానికి మూడు రోజులు అలిగాడు. నాలుగో రోజు తనే కలిపాడు, సగం సగం. నీళ్ళు ఎక్కువ పోయాలని కనిపెట్టాడు, ఎక్కువసేపు పొంగనివ్వాలని కనిపెట్టాడు. మూడు ట్రేలు పాడుచేసి నాలుగోది కోసి ముక్క నోట్లో పెట్టుకుని, "ఇది తప్పుగా కాలిన బ్రెడ్డు కాదు, వేరే బ్రెడ్డు" అన్నాడు. పంతులమ్మ రోజూ రెండు పట్టుకుపోతోంది. బోర్డు మీద మంచు అలాగే ఉంది, దాన్ని తీయమంటే మాత్రం ఇంకా గుర్రం మాట ఎత్తుతాడు.

నీ టైమరు మొదటి రోజే పోయింది. గంట కొట్టగానే ఉలిక్కిపడి, "ఇలా అరిస్తే నా గుండె ఏం కావాలి" అని దాన్ని మైదా బస్తాలో పూడ్చిపెట్టాడు. పిండి తీస్తుంటే మీట తిరిగి అప్పుడప్పుడు బస్తా లోపలి నుంచి మోగుతుంది.

మరి లెక్కెలా అంటావు కదా. టైమరు పాతిపెట్టిన రోజే, ట్రేలు తిప్పి, చెయ్యి తుడుచుకుని నా దగ్గరికి వచ్చి, "నీ చెయ్యి ఇలా ఇవ్వు" అన్నాడు. నా మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి ఒకటి నుంచి మొదలెట్టాడు. అప్పటి నుంచి రోజుకి ఆరు విడతలు. నేను జల్లెడ పక్కన పెట్టి భట్టీ ముందు కూచుంటాను, ఆయన కళ్ళు మూసుకుని లెక్కపెడతాడు.

ఒకటే చిక్కు. బ్రెడ్డు పచ్చిగా దిగుతోంది. నాలుగొందలు తొందరగా అయిపోతున్నాయి. ఆయన తల పట్టుకుని, "నీ నాడి ఇంత పరుగు తీస్తోందేమిటి, ఈసీజీలో బాగుందన్నారే, మళ్ళీ వెళ్దామా" అంటున్నాడు. నా వయసులో, మొగుడు చెయ్యి పట్టుకున్నాడని గుండె ఇలా గంతులేస్తుంటే ఆ సంగతి ఆయనకి నేనెలా చెప్పను? నువ్వూ రాయకు.

ఇంకోటి. ఆయన నాడి ఇప్పుడు దాదాపుగా తప్పట్లేదు. ఇకనుంచి సొంత మణికట్టు చూసుకోవచ్చని డాక్టరు మొన్న ఆయనకి చెప్పిందట. ఆయన బయట రిక్షా పిలుస్తుంటే గుమ్మం దగ్గర ఆ పిల్లే నాతో అంది. ఆయన మాత్రం ఆ మాట నాకు చెప్పలేదు. ఇంటికి వచ్చాక ట్రేలు తిప్పి, చెయ్యి తుడుచుకుని, "నీ చెయ్యి ఇలా ఇవ్వు" అన్నాడు. ఇచ్చాను.

బ్రెడ్డు పచ్చిగా ఉందని దర్జీ రోజూ వచ్చి తిడుతున్నాడు. తిట్టనీ.

నీ వదిన